వినేయత: చెబితే పట్టుకునే గుణం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రూఫులు దిద్దడం నా పని. ఒకసారి ఒక వ్యాసంలో ‘వినేయులు’ అని ఉన్నచోట ఎవరో ఎర్ర సిరాతో కొట్టేసి పైన ‘విధేయులు’ అని రాశారు. రెండో విడత ప్రూఫులో మరొకరు దాన్ని ‘వినయులు’ చేశారు. అచ్చులో చూస్తే ‘వినేవారు’ అని ఉంది. రాసినాయన అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. అప్పటి నుంచి ఈ మాట మీద వచ్చే సందేహాలన్నీ నా దగ్గరికే వస్తున్నాయి. అవే ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తుంటే జవాబులు ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవనక్కరలేదు, మీ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## మాట మొదటిసారి కంటబడినప్పుడు

‘వినేయుడు’ అంటే ఒక్క ముక్కలో ఏమిటి?

నేర్పదగినవాడు. తెలియనిది చెబితే పట్టుకుని, తప్పు చూపిస్తే దిద్దుకునేవాడు. ఆ గుణం పేరు వినేయత. నిఘంటువులు ‘శిష్యుడు’ అని రాసి ఊరుకుంటాయి. అది తప్పు కాదు గానీ, ఇవాళ్టి వాడుకలో శిష్యుడంటే ఎవరి దగ్గర చదువుకుంటున్నాడో చెప్పే మాటగా మిగిలింది. అతడికి చదువు ఎక్కుతుందా లేదా అన్న సంగతి అందులో లేదు. వినేయుడు అన్న మాటలో ఉన్నది సరిగ్గా ఆ సంగతే.

వినేయుడంటే ‘వినేవాడు’ అనే కదా?

కాదు. అందరూ పడే గోతి ఇది. ‘విను’ అచ్చ తెలుగు క్రియ. ‘వినేయ’ సంస్కృతం నుంచి వచ్చింది: ‘వి’ ఉపసర్గ, ‘నీ’ ధాతువు. ‘నీ’ అంటే నడిపించు, తీసుకుపోవు. నాయకుడు, నేత, నీతి అన్నీ అక్కడివే. ‘వి’ చేరితే తీర్చిదిద్దడం, శిక్షణ ఇవ్వడం అన్న అర్థం వస్తుంది. కాబట్టి వినేయుడు తీర్చిదిద్దడానికి వీలైనవాడు. వినడంతో చుట్టరికం లేదు. అయినా తెలుగు చెవికి ఆ రెండూ దగ్గరగా వినిపించడం నాకు ఇష్టమే. గుర్తు పెట్టుకోవడానికి పనికొస్తే వాడుకోండి, వ్యుత్పత్తి రాసేటప్పుడు మాత్రం వద్దు.

ఇది నిఘంటువుల్లో ఉన్నదేనా, ఎవరైనా కొత్తగా పుట్టించారా?

‘వినేయుడు’ పాత మాటే. ‘వినేయత’ దానికి భావవాచకం. విధేయుడి నుంచి విధేయత, యోగ్యుడి నుంచి యోగ్యత వచ్చినట్టే వస్తుంది. నిఘంటువులో విడిగా కనిపించకపోయినా వ్యాకరణం అడ్డు చెప్పదు. స్త్రీకి వినేయురాలు, బహువచనం వినేయులు, వ్యతిరేకం అవినేయుడు.

‘వినయుడు’ అని రాస్తే తప్పా?

ఈ అర్థంలో తప్పే. వినయం గుణం, అది కలవాడు వినయశీలుడు లేదా వినయవంతుడు. నకారానికి ఏత్వం, అది కూడా దీర్ఘం, తప్పకుండా ఉండాలి.

## మాటను విప్పి చూస్తే

చివర ఉన్న ‘ఏయ’ ఎక్కడిది?

మీరు రోజూ వాడుతున్నదే. గేయం పాడదగినది. ధ్యేయం ధ్యానించదగినది, అంటే మనసు నిలపదగినది. అజేయుడు జయించడానికి వీలుకానివాడు. ఇవన్నీ ‘చేయదగిన’ అనే అర్థంలో ధాతువు మీద ‘య’ ప్రత్యయం చేరితే తయారైన మాటలు. అచ్చుతో ముగిసే ధాతువులకు ఈ ప్రత్యయాన్ని పాణిని ‘అచో యత్’ అనే సూత్రంలో చెప్పాడు. ‘నీ’లోని ఈకారం ఏకారమై ‘నేయ’ అవుతుంది, ‘వి’ చేరితే ‘వినేయ’.

ఈ ప్రత్యయం మాటకు ఒక ముందుచూపు ఇస్తుంది. గేయాన్ని ఇంకా ఎవరూ పాడకపోయినా అది గేయమే. వినేయుడికి ఇంకా ఏమీ రాకపోవచ్చు, వచ్చే వీలు మాత్రం అతడిలో ఉంది.

వినయం, వినీతుడు, వినేత, వినాయకుడు: అందరూ ఒక ఇంటివాళ్లేనా?

ఒక ఇంటివాళ్లే. తీర్చేవాడు వినేత, తీర్చదగినవాడు వినేయుడు, తీర్చే పని వినయం, తీర్చడం పూర్తయినవాడు వినీతుడు. వినయమంటే మొదటి అర్థం శిక్షణ. బౌద్ధంలో వినయ పిటకం భిక్షువుల నడవడి నియమాల సంపుటి, అణకువ మీద ఉపన్యాసం కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో మొదటి అధికరణం పేరు వినయాధికారికం. రాజుకు చదువు, ఇంద్రియజయం, దినచర్య అన్నీ అందులోనే వస్తాయి. శిక్షణ పొందినవాడి నడవడిలో కనిపించే మెత్తదనానికి ఆ పేరే స్థిరపడి, మనకు చివరికి ఆ మెత్తదనం ఒక్కటే మిగిలింది.

వినాయకుడనే పేరుకు భక్తులు చెప్పే అర్థాలు వేరే ఉన్నాయి. సంస్కృత నిఘంటువు అమరకోశం మాత్రం బుద్ధుడి పేర్లలో కూడా వినాయకుణ్ణి చేర్చింది. అక్కడ అర్థం దారిలో పెట్టేవాడనే.

‘శిష్యుడు’కు కూడా ఇదే అర్థం అంటారు. నిజమేనా?

పుట్టుకలో నిజమే. ‘శాస్’ ధాతువుకు ఆజ్ఞాపించు, బోధించు అనే అర్థాలున్నాయి. శాసనం, శాస్త్రం దాని నుంచే వచ్చాయి. శాసించదగినవాడు శిష్యుడు. అంటే వినేయుడి లాగే ఇదీ యోగ్యతను చెప్పిన మాటే, వాడగా వాడగా ఆ పదును అరిగిపోయింది. తేడా ఎక్కడంటే, శిష్యుడి వెనుక శాసనం ఉంది, వినేయుడి వెనుక నడిపించడం ఉంది. ఒకటి నోటితో చేసే పని, రెండోది చెయ్యి పట్టుకుని చేసే పని.

సంస్కృతంలో విద్యార్థికి ఉన్న మిగతా పేర్లు చూసినా తమాషాగా ఉంటుంది. గురువు దగ్గరే ఉండేవాడు కాబట్టి అంతేవాసి. గొడుగులా గురువు లోపాలను కప్పేవాడు కాబట్టి ఛాత్రుడట. అతడికి నేర్పడం వీలవుతుందా లేదా అని ఈ రెండు పేర్లూ అడగవు.

## దగ్గరి మాటలతో తికమక

విధేయతకూ వినేయతకూ అసలు తేడా ఏమిటి?

ఎక్కువ మంది అడిగేది ఇదే, ఎక్కువ చెప్పవలసిందీ ఇక్కడే.

ప్రూఫులు దిద్దడం నేర్చుకోవడానికి నా దగ్గరికి ఒకసారి ముగ్గురు వచ్చారు. ముగ్గురి కాగితాల్లోనూ ‘అర్థం’ రాయవలసిన చోట ‘అర్ధం’ అని ఉంది. మొదటిదానికి సున్నా చుట్టి చూపించాను. మొదటివాడు, ‘చదివేవాళ్లకు తెలిసిపోతుంది లెండి’ అన్నాడు. రెండోవాడు ‘అలాగేనండి’ అని కాగితం తీసుకువెళ్లి, ‘ర్ధ’ కనిపించిన ప్రతిచోటా ‘ర్థ’ చేసుకొచ్చాడు. ‘అర్ధరాత్రి’ అర్థరాత్రి అయింది, ‘వర్ధంతి’ వర్థంతి అయింది. మూడో అమ్మాయి, ‘రెండూ ఉన్న మాటలేనా, ఏది ఎక్కడ వస్తుంది?’ అని అడిగింది. ఒకటి సగం, ఇంకొకటి భావం లేదా ప్రయోజనం అని చెప్పాను. మర్నాడు ఆమె కాగితంలో విద్యార్థి, ప్రార్థన, పదార్థం దిద్ది ఉన్నాయి, అర్ధరాత్రి కదలకుండా ఉంది. అడుగున చిన్నగా ఒక ప్రశ్న: ‘నిన్న మీరు దిద్దిన పేజీలో అర్థాంగి అని వదిలేశారు. అది సగం శరీరం కదండీ?’

రెండోవాడిది విధేయత, ఆమెది వినేయత. విధేయుడంటే ‘ఇలా చెయ్యి’ అని విధించడానికి వీలైనవాడు. చెప్పినంత మేరకు చేస్తాడు, ఒక్కోసారి చెప్పినదానికి మించి చేసి మాటలు చెడగొడతాడు. వినేయుడు చెప్పినదాని వెనుక ఉన్న లెక్కను తీసుకుంటాడు. విధేయతకు ఎదుట ఒక మనిషి కావాలి, వినేయతకు ఎదుట ఒక విషయం ఉంటే చాలు.

ఈ తికమక మనం కొత్తగా తెచ్చుకున్నది కాదు. అమరకోశం ‘విధేయో వినయగ్రాహీ’ అని విధేయుణ్ణి, శిక్షణను అందుకునేవాణ్ణి ఒకే వరసలో కూర్చోబెట్టింది.

వినయం ఉన్నవాడికి వినేయత ఉన్నట్టేనా?

కాదు. వంచిన తల ఎత్తకుండా అరగంట విని, లేచి వెళ్లి తన పద్ధతిలోనే చేసుకునే వినయవంతులు ఎంతమందో. దీనికి తిరగబడిన రకమూ ఉంది: ప్రతిదానికీ వాదిస్తారు, మొహం చిట్లిస్తారు, వారం తిరిగేసరికి చెప్పినదంతా వాళ్ల పనిలో కనిపిస్తుంది. నేర్పేవాళ్లకు మొదటి రకం హాయి, రెండో రకం లాభం.

తెలివైనవాళ్లు సహజంగా వినేయులే అనుకోవచ్చా?

గ్రహణశక్తి వేరు, వినేయత వేరు. మొదటిది ఎంత త్వరగా అర్థమవుతుందన్న లెక్క. రెండోది, తన దగ్గర ఇప్పటికే ఉన్నదాన్ని పక్కన పెట్టగలడా అన్న లెక్క. తెలివి ఎక్కువైనప్పుడు పాత తప్పును సమర్థించుకునే నేర్పు కూడా పెరుగుతుంది, చిక్కంతా అక్కడే.

భర్తృహరి సుభాషితానికి ఏనుగు లక్ష్మణకవి తెలుగులో చెప్పిన పద్యం చాలామందికి నోటికి వచ్చు. తెలియనివాడికి చెప్పడం తేలిక, తెలిసినవాడికి చెప్పడం ఇంకా తేలిక, ‘తెలిసియు తెలియని నరు’ మార్చడం బ్రహ్మదేవుడికైనా తరం కాదని. అవినేయుడికి ఇంతకంటే మంచి నిర్వచనం నాకు దొరకలేదు. జ్ఞానం లేకపోవడం కాదు అతడి జబ్బు, సగం జ్ఞానం.

శుశ్రూష అంటే సేవ కదా, దాన్ని ఈ మాటల పక్కన ఎందుకు పెడతారు?

శుశ్రూషకు మూలార్థం వినాలనే కోరిక. ‘శ్రు’ ధాతువు మీద కోరికను చెప్పే ప్రత్యయం చేరితే వచ్చింది. తెలుసుకోవాలనే కోరిక జిజ్ఞాస, తాగాలనే కోరిక పిపాస అయినట్టే. గురువు మాట వినాలంటే ఆయన దగ్గర ఉండాలి, దగ్గర ఉంటే పనులు చేసిపెట్టాలి. అలా వినాలనే కోరిక సేవగా మారి, ఇప్పుడు రోగి మంచం పక్కకు చేరింది.

అర్థశాస్త్రంలో విద్య ఎవరిని తీర్చిదిద్దుతుందో చెబుతూ బుద్ధికి ఉండవలసిన గుణాల వరస ఒకటి ఇస్తారు: శుశ్రూష, శ్రవణం, గ్రహణం, ధారణం, విజ్ఞానం, ఊహ, అపోహ, తత్త్వాభినివేశం. వినాలనే కోరిక వినడం కంటే ముందు వచ్చింది, చూడండి. ఆ వరసలోని ‘అపోహ’ కూడా మన అపోహ కాదు. కుదరని పక్షాన్ని తర్కించి తోసిపుచ్చడం దాని పని. నేర్చుకునేవాడికి అత్యవసరమైన ఆ పనికి ఉన్న పేరునే మనం పొరపాటు అభిప్రాయానికి పెట్టుకున్నాం.

‘శిక్ష’ అంటే దండన, ‘శిక్షణ’ అంటే నేర్పడం. ఇదెక్కడి పొత్తు?

శిక్షకు మూలం ‘శక్’ ధాతువు, చేతనవడం. ‘చేతనైతే బాగుండును’ అనే కోరిక నుంచి నేర్చుకోవడమన్న అర్థం వచ్చింది. ఆరు వేదాంగాల్లో శిక్ష ఉచ్చారణ శాస్త్రం. తెలుగులో శిక్ష దండన వైపు వెళ్లిపోయి, నేర్పడానికి శిక్షణ మిగిలింది. బెత్తం చరిత్ర ఈ రెండు మాటల మధ్య ఉంది.

## రాసేటప్పుడు, మాట్లాడేటప్పుడు

వాక్యంలో ఎలా పెట్టాలి? ఉదాహరణలు ఇవ్వండి.

‘అతడిలో ప్రతిభ కంటే వినేయత ఎక్కువ.’ ‘అరవై ఏళ్లకు కూడా ఆయన వినేయుడిగానే ఉన్నారు.’ ‘వినేయురాలైన విద్యార్థిని దొరకడం గురువు అదృష్టం.’ ఈ మాట నప్పేది వ్యాసానికీ ప్రసంగానికీ ముందుమాటకే. ఎదుటి మనిషి ముఖం మీద ‘మీరు వినేయులు’ అంటే పొగిడామో తిట్టామో తెలియక తికమకపడతాడు.

ఇంత సంస్కృతం వద్దు. మామూలు తెలుగులో ఏమనవచ్చు?

నిజానికి తెలుగులో చక్కని మాటలు ఉన్నాయి. ‘చెప్పించుకునే గుణం’, ‘దిద్దించుకునే మనసు’. ఈ ‘-ంచుకొను’ గొప్ప సదుపాయం: పని చేసేది ఎదుటివాడు, దానికి సిద్ధపడేది తాను. ఆ సిద్ధపడటమే వినేయత. ‘చెబితే వినే మనిషి’ అన్నా చెల్లుతుంది, కాకపోతే అందులో లొంగుబాటు వాసన కొంచెం ఉంటుంది. ‘మాట వినే పిల్లవాడు’లో ఇంకా ఎక్కువ. ఆ పిల్లవాడు ఏమైనా నేర్చుకున్నాడా అని ఎవరూ అడగరు, అల్లరి చేయకపోతే చాలు.

పాఠాన్నో పుస్తకాన్నో ‘వినేయం’ అనవచ్చా?

వద్దు. తేలికగా అర్థమయ్యే పాఠం సుబోధం, బోధించవలసిన విషయం బోధ్యం. వినేయత నేర్చుకునేవాడికే.

జంతువులకు వాడవచ్చా?

సంస్కృతంలో ఈ కుటుంబం గుర్రాల దాకా వెళ్లింది. బాగా నడిచే, తర్ఫీదు పొందిన గుర్రాలను అమరకోశం ‘వినీతాః’ అంది. తెలుగులో మచ్చిక, తర్ఫీదు ఉన్నాయి, అవి చాలు.

ఇంగ్లీషు ‘డొసైల్’కు వినేయుడు సరైన అనువాదమేనా?

పుట్టుకలో సరిపోతుంది, నేటి వాడుకలో సరిపోదు. ఆ మాట లాటిన్‌లో బోధించడమనే క్రియ నుంచి వచ్చింది. మొదట్లో ‘సులువుగా నేర్పదగిన’ అనే దాని అర్థం, తరువాత ‘సాధువైన, లొంగి ఉండే’ అయింది. ఇప్పటి రచనలో అది కనిపిస్తే సాధువు, అణకువగల అని రాయండి. చాలా పాత రచన అయితే సందర్భం చూసి వినేయత వాడండి. ‘టీచబుల్’ అన్న మాటకైతే నిస్సందేహంగా వినేయుడే. వాళ్ల మాట కూడా మన మాటల్లాగే లొంగుబాటు వైపు జారింది. నేర్పేవాళ్ల ఓపిక ఎక్కడైనా అంతేనేమో.

## మనుషుల దగ్గరికి వస్తే

వినేయుడు ఎదురు ప్రశ్న వేయకూడదా?

వేయాలి. జ్ఞానం పొందే దారి చెబుతూ భగవద్గీత నాలుగో అధ్యాయం మూడింటిని పేర్కొంది: ప్రణిపాతం, పరిప్రశ్న, సేవ. సాష్టాంగానికీ సేవకూ మధ్యలో ప్రశ్న కూర్చుని ఉంది. ప్రశ్న అంటే ఊరికే అడగడం కాదు, ‘పరి’ చేరింది కాబట్టి చుట్టూ తిరిగి అన్ని వైపుల నుంచి అడగడం. సుమతీ శతకకారుడు కూడా ‘వినదగు నెవ్వరు చెప్పిన’ అని ఆపలేదు. విన్న వెంటనే వేగపడక వివరించి చూడమన్నాడు. మనవాళ్లు మొదటి పాదం గోడల మీద రాయించి రెండోది వదిలేస్తారు.

ఒకే పాఠం ఒకరికి వెంటనే ఎక్కుతుంది, ఇంకొకరికి ఎక్కదు. తక్కువ ఎక్కినవాళ్లు అవినేయులా?

తొందరపడకండి. బౌద్ధుల పాలి గ్రంథాల్లో నేర్చుకునేవాళ్లను నాలుగు రకాలుగా చెప్పారు. సూచనగా చెప్పగానే గ్రహించేవాడు ఒకడు. వివరించి చెబితే గ్రహించేవాడు రెండోవాడు. మళ్లీ మళ్లీ చెప్పించుకుని, అడిగి, మంచివాళ్ల సాంగత్యంలో మెల్లగా అందుకునేవాడు మూడోవాడు. ఎంత విన్నా, ఎంత వల్లించినా మాటల దగ్గరే ఆగిపోయేవాడు చివరివాడు. ఇందులో మూడోవాడి పేరు ‘నెయ్య’, అంటే మన ‘నేయ’. నడిపించదగినవాడనే పేరు మెరుపులాంటి మొదటివాడికి కాక, చెయ్యి పట్టుకుంటే నడిచే ఈ మూడోవాడికి పెట్టారు.

పెద్దయ్యాక ఈ గుణం అలవడుతుందా? ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్నారు కదా.

సామెత వంగడం గురించి చెప్పింది. కొత్త చిగురు వేయడం గురించి చెప్పలేదు. పెద్దవాళ్లకు అడ్డు వచ్చేది వయసు కంటే హోదా. ముప్పై ఏళ్లు తానే దిద్దుతూ వచ్చిన మనిషికి ఇంకొకరు సున్నా చుట్టి చూపిస్తే గొంతులో ఏదో అడ్డుపడుతుంది. ‘అర్థాంగి’ విషయంలో నేను ఆ అమ్మాయికి వెంటనే అవునని చెప్పలేదు. నిఘంటువు తీసి, తెలిసిన మాటనే మళ్లీ చూసి, అప్పుడు చెప్పాను. ఆ రెండు నిమిషాలూ నిఘంటువుతో నాకు పని లేదు.

ఎంత చెప్పినా వినని మనిషిని ఏం చేయాలి?

జైనుల తత్త్వార్థసూత్రం ఏడో అధ్యాయంలో ఉమాస్వాతి దీనికి నేరుగా జవాబు చెప్పాడు, అదీ ఇదే మాట వాడి. అన్ని ప్రాణుల పట్ల మైత్రి, గుణాధికుల పట్ల ప్రమోదం, కష్టాల్లో ఉన్నవారి పట్ల కారుణ్యం, అవినేయుల పట్ల మాధ్యస్థ్యం ఉండాలన్నాడు. మాధ్యస్థ్యం అంటే కోపమూ కాదు, జాలీ కాదు. అటూ ఇటూ కాకుండా మధ్యలో నిలబడటం. ‘చదివేవాళ్లకు తెలిసిపోతుంది లెండి’ అన్న మొదటివాడి కాగితాలు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటాయి. సున్నా చుట్టి పంపిస్తాను. వాదించడం మానేసి చాలాకాలమైంది.